ఎద్దు పళ్ళు చూసి కొన్నోళ్ళం, కారును చూడకుండా కొంటామా?

 పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి, ఆ తర్వాతే తిట్టండి.

పోయిన ఆదివారం మీటింగులో మేము కొందరం ఒక తీర్మానం పెట్టమని అడిగాం. అందులో ఉన్నవి రెండే మాటలు. మన సభ్యుల మధ్య సెకండ్‌హ్యాండ్ బండి చేతులు మారేటప్పుడు కొనేవాడు చెకింగ్ చేయించుకుంటానంటే అమ్మేవాడు ఒప్పుకోవాలి. సంఘం పేరు చెప్పి ఎవరూ ఏ బండికీ హామీ ఇవ్వకూడదు. ఇంతే. దీనికి అరగంట గొడవ జరిగింది. ఒక పెద్దాయన, "కారు చూపించమంటే మనోణ్ణి దొంగ అన్నట్టే గదప్పా" అన్నారు. ఇంకొకాయన "నమ్మి చెడినవాడు లేడు" అని సామెత చెప్పారు. మూడో ఆయన, "స్పోర్ట్స్ కార్లు కొనేది ఉన్నోళ్ళ పిల్లోళ్ళు పది మంది, దాంతో సంఘానికేం పని?" అని తేల్చేశారు. తీర్మానం వాయిదా పడింది. భోజనాలకు లేచాం.

ఆ ముగ్గురి మీదా మాకు గౌరవం ఉంది. కానీ ముగ్గురి మాటా తప్పని మా అభిప్రాయం. ఎందుకు తప్పో ఇక్కడ రాస్తున్నాం.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. పోయినేడాది మన సభ్యుడి కొడుకొకడు రెండు డోర్ల జర్మన్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. 34 లక్షలు. సిరుగుప్ప వైపు క్యాంపులో మూడెకరాల మాగాణి మీద అప్పు తెచ్చిన డబ్బు అందులో సగం పైనే ఉంది. అమ్మినాయన మనలో ఒకరి చుట్టం. పిల్లోడు బేరానికి ముందు మా దగ్గరికొచ్చి, "బెంగళూరు నుంచి ఎవరినైనా పిలిపించి చూపిద్దామా?" అని అడిగాడు. మేమే, "ఏం చూసేదుంది లేప్పా, మనోడే గదా" అన్నాం. ఆ మాట మా నోటి నుంచే వచ్చింది. ఇంకొకరి మీద తోసేది లేదు.

మూడు వారాలకు డ్యాష్‌బోర్డు మీద ఒక లైటు వెలిగింది. తర్వాత ఏబీఎస్ లైటు, తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు. హొసపేట దారిలో ఒక రాత్రి కారు మొత్తానికే ఆగిపోయింది. లారీ మీద ఎక్కించి బెంగళూరు పంపిస్తే అక్కడి మెకానిక్ సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తాడు. కింద బూడిద రంగు ఒండ్రు గడ్డ కట్టి ఉంది. మన రోడ్ల మీద లేచేది ఎర్రదుమ్ము. ఆ ఒండ్రు ఎక్కడో వరద నీళ్ళు తెచ్చి పెట్టింది. ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ బాక్సు మధ్య కన్సోల్ కింద, దాదాపు నేలకు ఆనుకుని ఉంటుంది. అది నీళ్ళు తాగి, లోపల పచ్చగా చిలుము పట్టి చచ్చిపోయింది. అంటే ఆ మూడు వారాలూ పిల్లోడు పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, టిప్పర్ల మధ్య, ఎయిర్‌బ్యాగులు పేలతాయో పేలవో తెలియని కారులో తిరిగాడు. 34 లక్షల మాట అటుంచండి. మాకు నిద్ర పట్టనిది ఈ సంగతి తలుచుకునే.

"నమ్మి చెడినవాడు లేడు" అన్నది దేవుడి గురించి చెప్పుకునే మాట పెద్దాయనా. కార్పెట్ కింద బురద గురించి కాదు.

ఇంతకీ మన తాతలు ఇట్లా కొనేవాళ్ళా? సంతలో ఎద్దును కొనేటప్పుడు ఏం చేసేవాళ్ళో మీలో చాలామంది కళ్ళారా చూసినోళ్ళే. నోరు తెరిచి పళ్ళు లెక్కబెట్టేవాళ్ళు. సుళ్ళు చూసేవాళ్ళు. నాలుగు అడుగులు నడిపించి కాలు ఎత్తి వేస్తుందా, ఈడ్చి వేస్తుందా చూసేవాళ్ళు. అరక కట్టి లాగించేవాళ్ళు. ఇవన్నీ అయ్యాకే తువ్వాలు కింద వేళ్ళు పట్టి బేరం. అమ్మేవాడు బావమరిది అయినా సరే పళ్ళు చూడకుండా పలుపు పట్టుకున్నోడు లేడు. బావమరిది కూడా, "నా ఎద్దు నోరు తెరుస్తావా?" అని అలగలేదు. ఎద్దును చూడడం ఎద్దును చూడడమే. దాంట్లో మనిషిని అనుమానించడం లేదు. ముప్పై వేల ఎద్దుకు ఉన్న ఈ పద్ధతి 34 లక్షల కారుకు వచ్చేసరికి అవమానం ఎట్లా అయింది?

మన ఊళ్ళో జీన్స్ కుట్టే అన్నదమ్ములను అడగండి. తాను విప్పకుండా, షేడ్ కలుస్తుందో లేదో చూడకుండా, సొంత మామ దగ్గర్నుంచైనా గుడ్డ దించుకుంటారా? వడ్లు అమ్మేటప్పుడు తేమ చూడకుండా ఏ మిల్లరైనా కాటా వేస్తాడా? రోజూ మనం చేసే ప్రతి వ్యాపారంలోనూ చూసి కొనడమే ఉంది. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్ళకు గంతలు కట్టుకుని దానికి మర్యాద అని పేరు పెట్టాం.

ఈ జబ్బు ఈ రోజుది కాదు. మైనింగు బాగా నడిచిన రోజుల్లో మన రోడ్ల మీద ఎట్లాంటి కార్లు తిరిగాయో చెప్పనక్కర్లేదు. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకం ఆపించింది. ఆ తర్వాత ఎన్ని కార్లు కవర్లు కప్పుకుని షెడ్లలో పడుకున్నాయో, ఎన్ని చేతులు మారాయో కూడా మనం చూశాం. "సింగిల్ ఓనర్, పదివేల కిలోమీటర్లే తిరిగింది" అంటే అప్పుడు ఎగబడి కొన్నాం. నిలబడిన కారు కొత్త కారు కాదు అని ఎవరూ చెప్పలేదు. ఏడాది కదలకుండా ఉంటే టైరు ఒకపక్క చదునవుతుంది. 40 డిగ్రీలు దాటే మన ఎండలకు రబ్బరు సీళ్ళు, కూలెంట్ పైపులు ఎండి పగులుతాయి. ట్యాంకులో పెట్రోలు చెడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. తక్కువ కిలోమీటర్లు అన్నది మంచి మాటే. కానీ ఆ కిలోమీటర్లు ఎట్లా తిరిగింది, మిగతా రోజుల్లో ఎట్లా నిలబడింది అన్నది అడగాల్సిన ప్రశ్న.

"అయితే ఏం చూడమంటారు? ఇవేమన్నా మారుతీ 800లా?" అని మీటింగులో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ బెంగళూరు మెకానిక్ చేత చీవాట్లు తిన్నాక మేము నేర్చుకున్నది ఇది.

మొదటిది, ఇంజన్ చల్లగా ఉండగా చూడాలి. "పొద్దున ఏడుకు వస్తాం, మేమొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పాలి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వేడిగా ఉంటే మనం రాకముందే ఎవరో దాన్ని సర్దిపెట్టారని అర్థం. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే చప్పుడు, పొగ అబద్ధం చెప్పవు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది.

రెండోది, టైర్లు. ఎద్దుకు పళ్ళు ఎట్లాగో కారుకు టైర్లు అట్లాగే, వయసు చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 1921 అని ఉంటే 2021లో 19వ వారం తయారైనట్టు. పదివేల కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు అప్పుడే రెండో సెట్టు టైర్లు ఎందుకు వచ్చాయి? నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే, ఆ ఓనరు బ్రేకులకు, ఆయిల్‌కు మాత్రం డబ్బు పెట్టి ఉంటాడా? అద్దాల మీద కూడా తయారైన సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్ని అద్దాలూ ఒక ఏడాదివై, ఒక్కటే వేరే ఏడాదిది అయితే ఆ పక్క ఏదో తగిలింది. స్టీరింగ్ తోలు, బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ సీటు అంచు అరిగిపోయి మీటరు మాత్రం పదివేలు చూపిస్తుంటే మీటరు మాట నమ్మొద్దు.

మూడోది, పెయింటు. పెయింటు మందం కొలిచే చిన్న మిషన్ ఉంటుంది. కంపెనీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల దాకా చూపిస్తుంది. ఒక డోరు దగ్గర హఠాత్తుగా మూడు నాలుగు వందలు దాటితే కింద పుట్టీ ఉంది. డోరు మీద గీత పడి మళ్ళీ రంగు కొట్టిస్తే ప్రాణం పోదు, ధర తగ్గించి తీసుకోవచ్చు. పిల్లర్ల దగ్గర, రూఫ్ దగ్గర, ముందు ఛాసిస్ దగ్గర అతుకు కనిపిస్తే మాత్రం దండం పెట్టి రావాలి. గంటకు రెండొందల కిలోమీటర్లు పరిగెత్తడానికి తయారైన బండి అతుకుల మీద పరిగెత్తకూడదు.

నాలుగోది, వరద. ఇది మనకు అందరికంటే ఎక్కువ కావాలి. చుట్టూ చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది. 2022 సెప్టెంబరులో బెంగళూరులో కోట్ల ఖరీదు కార్లు విల్లాల్లోనే మునిగిన ఫోటోలు దేశమంతా చూసింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగాయి. మునిగిన కార్లన్నీ తుక్కుకు పోలేదు. బాగుచేస్తే దండగ అని ఇన్సూరెన్స్ వాళ్ళు తేల్చిన కారు వేలంలో తక్కువ ధరకు పోతుంది. కొన్నవాడు కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి మళ్ళీ అమ్మకానికి పెడతాడు. ఈ ఊళ్ళన్నిటికీ అందుబాటు దూరంలో, బెంగళూరు తప్ప మిగతావాటికి వేరే రాష్ట్రంలో, "మనోళ్ళు" ఉన్న ఊరు బళ్ళారి. ఇంకో వసతి కూడా ఉంది. మన దగ్గర ప్రతి కారులోనూ ఎర్రదుమ్ము ఉంటుంది కాబట్టి, మూలల్లో మట్టి కనిపించినా "బళ్ళారి దుమ్మే కదా" అని మనమే వాడి తరఫున సమాధానం చెప్పుకుంటాం.

దుమ్ముకూ బురదకూ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. దుమ్ము పైనుంచి వచ్చి పైన కూర్చుంటుంది. బురద కింది నుంచి వచ్చి మూసిన చోట్ల దాక్కుంటుంది. సీటు బెల్టు చివరిదాకా లాగండి, నీళ్ళు నిలిచిన గీత కనిపించవచ్చు. సీటు కింద బోల్టులకు తుప్పు పట్టిందా చూడండి. డిక్కీలో స్పేర్ టైరు గుంత తడమండి. కార్పెట్ అంచు ఎత్తి అడుగున చెయ్యి పెట్టండి. హెడ్‌లైటు లోపల ఆవిరి గీతలు, వైర్ల కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ చిలుము చూడండి. పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలు పెట్టనిస్తే ఆ మూడెకరాలు ఈ రోజు అప్పులో ఉండేవి కావు.

ఐదోది, స్కానర్. కారు కంప్యూటరుకు స్కానర్ పెడితే లోపాలు చెబుతుంది, ఇది అందరికీ తెలుసు. అందరికీ తెలియనిది, స్కానర్ పెట్టే ముందే ఆ లోపాలను చెరిపేయొచ్చు అని. చెరిపిన వెంటనే కారు తన పరీక్షలు తాను మళ్ళీ మొదలుపెట్టుకుంటుంది. కొన్ని పదుల కిలోమీటర్లు నడిస్తే గాని అవి పూర్తి కావు. అందుకని "లోపాలు లేవు" అని చూసి సంబరపడకుండా, "పరీక్షలు పూర్తయ్యాయా?" అని కూడా చూడమనాలి. పూర్తి కాలేదంటే నిన్నో మొన్నో ఎవరో చెరిపారు, లేదా బ్యాటరీ పీకారు. ఎందుకని అడగండి. ఇంజన్ మీద స్విచ్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే చంపేశారు.

ఆరోది, ఆ మోడలు జబ్బు. ప్రతి స్పోర్ట్స్ కారుకూ తెలిసిన జబ్బొకటి ఉంటుంది. 1990ల చివరి నుంచి 2008 దాకా వచ్చిన పోర్షె బాక్‌స్టర్లు, మామూలు 911లలో ఐఎంఎస్ అనే బేరింగు పోతే ఇంజన్ మొత్తం పోవచ్చు. ఆ ఇంజన్లలో సిలిండర్ గోడలు గీసుకుపోయే జబ్బు కూడా ఉంది. సన్నటి కెమెరా లోపలికి దించి చూడాలి. పోర్షె కంప్యూటరులో ఇంజన్‌ను హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో రాసి ఉంటుంది. గంటలకూ మీటరులో కిలోమీటర్లకూ పొంతన లేకపోతే మీటరు తిప్పినట్టే. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులుంటే ఆయిల్ టైముకు మార్చిన బిల్లు అడగాలి. ముస్టాంగ్ మీద మోజు పడే తమ్ముళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఫోర్డ్ వాళ్ళు 2021 సెప్టెంబరులో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. కారు కొనే ముందే ఆ పార్టు ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్ళకు వస్తుంది అని ఫోన్ చేసి కనుక్కోండి.

కారు అయింది, ఇప్పుడు కాగితాలు. సరిహద్దు జిల్లాలో ఉన్నాం కాబట్టి మన కార్లలో సగం అవతలి నంబర్లతో వస్తాయి. వెనకటికి ఏపీ 02 అంటే అనంతపురం, ఏపీ 16 అంటే కృష్ణా అని నంబరు చూడగానే తెలిసేది. 2019 నుంచి ఆంధ్రలో రాష్ట్రమంతా ఏపీ 39 కోడు పెట్టారు. ఇప్పుడు నంబరు చూస్తే కారు ఏ ఊరిదో తెలియదు. ఆర్‌సీలో ఆఫీసు పేరు చూడాలి, పాత సర్వీసు బిల్లులు ఏ ఊరివో చూడాలి, 2024 సెప్టెంబరులో ఆ కారు ఎక్కడుందో అడగాలి. ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడాలి. ఐదేళ్ళుగా ఒకే ఓనరు, ఒక్క క్లెయిమూ లేదు అంటున్నాడనుకోండి. బోనస్ 50 శాతం ఉండాలి. సున్నా ఉంటే మధ్యలో ఏదో జరిగింది. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్‌సీతో కలిపి చూడాలి. లోను తీరిందంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతిలో ఉండాలి.

వేరే రాష్ట్రం కారు 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు వేయించాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దానికి పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్‌టైం ట్యాక్సు కావాలి. ఖరీదైన కార్లకు కర్ణాటక ట్యాక్సు ఎంత బరువో మీకు తెలుసు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ వాళ్ళు ట్యాక్సు కట్టని బయటి నంబర్ల లగ్జరీ కార్లు 30 పట్టుకున్నారు. ఫెరారీ, పోర్షెలు కూడా ఉన్నాయి అందులో. అదే ఏడాది జూలైలో మహారాష్ట్ర నంబరుతో తిరుగుతున్న ఒక ఫెరారీ ఓనరు ఒక్క రోజులో 1 కోటి 41 లక్షల పైచిలుకు కట్టాల్సి వచ్చింది. "మన దగ్గర ఎవడు పట్టుకుంటాడు లే" అని అమ్మేవాడు నవ్వుతూ అంటాడు. పట్టుకునే రోజుకు కారు మీది, వాడిది కాదు.

పేరు మార్చకుండా అమ్మేవాళ్ళకూ ఒక మాట. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆర్‌సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంటు పరిహారానికి వాళ్ళే బాధ్యులు. కారు చేతులు మారి డబ్బు ముట్టినా సరే. "మనోడే, నిదానంగా మార్చుకుంటాడు" అని ఊరుకుంటే రేపు ఆ బండి కింద ఎవరైనా పడితే కోర్టు మెట్లెక్కేది అమ్మినాయన. నమ్మకం రెండు వైపులా కోస్తుంది.

ఇప్పుడు మూడో పెద్దాయన ప్రశ్న. ఇది పది మంది ఉన్నోళ్ళ పిల్లల సమస్యా? కాదు. ఆ పది కార్ల వెనక ఎవరి పొలాలున్నాయో సంఘంలో అందరికీ తెలుసు. అదీకాక ఈ అలవాటు స్పోర్ట్స్ కారు దగ్గర ఆగదు. ట్రాక్టరు, బొలేరో, టిప్పరు, వరికోత మిషను, అన్నీ మనం "మనోడే" అనే కొంటున్నాం. స్పోర్ట్స్ కారులో నష్టం 34 లక్షలు కాబట్టి బయటపడింది. ట్రాక్టరులో నష్టం నాలుగు లక్షలు కాబట్టి మింగేస్తున్నాం.

చెకింగ్‌కు ఖర్చు, తిప్పట అంటారు. నిజమే, బళ్ళారిలో ఇట్లాంటి కార్లు తెలిసిన చేతులు తక్కువ, బెంగళూరు 300 కిలోమీటర్ల పైన. తెలిసినోణ్ణి పిలిపిస్తే కొన్ని వేలు అవుతుంది. పెళ్ళిలో డ్రోన్ కెమెరాకు అంతకంటే ఎక్కువ ఇస్తున్నాం.

ఇక అన్నిటికంటే పెద్ద మాట, మనోణ్ణి అనుమానించడం. మేము తిప్పి అడుగుతాం. మనలో నిజాయితీగా కారు చూసుకున్నోడు ఉన్నాడు. ప్రతి సర్వీసూ చేయించాడు, ప్రతి బిల్లూ దాచాడు. వాడి కారుకూ, బురద కడిగి పాలిష్ కొట్టిన కారుకూ మన దగ్గర ఒకే ధర పలుకుతోంది. ఎందుకంటే రెండిటినీ చూడట్లేదు, రెండూ "మనోడివే". 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త సెకండ్‌హ్యాండ్ కార్ల సంత గురించి సరిగ్గా ఈ సంగతే రాశాడు. కొనేవాడికి మంచిచెడు తెలియని చోట మంచి సరుకు తెచ్చేవాడు మెల్లగా తప్పుకుంటాడు, చెడ్డ సరుకే మిగులుతుంది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మనోణ్ణి అవమానిస్తున్నది చెకింగ్ కాదు. చూడకుండా కొని, మంచోణ్ణీ మోసగాణ్ణీ ఒక గాటన కట్టేస్తున్నది మనమే.

ఇంకో విచిత్రం. ఇదే అమ్మేవాడు బెంగళూరు పార్టీ వస్తే స్కానర్ పెట్టనిస్తాడు, లిఫ్టు మీద ఎక్కిస్తాడు, కాగితాలు ఫైలు చేసి ఇస్తాడు. మనమడిగితే అలుగుతాడు. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అంటే ఇదే గదా.

చివరిగా, మీటింగులో మేము చెప్పలేకపోయిన మాట ఒకటుంది. పిల్లోడి కారు సంగతి బయటపడ్డాక సంఘంలో పెద్దలు కొందరు కూర్చుని, "పరువు పోతుంది, బయట మాట్లాడొద్దు" అన్నారు. ఒకాయన ఇంకో సలహా కూడా ఇచ్చారు. "కార్పెట్ మార్పించి, లైటు ఆర్పించి, గంగావతి వైపు ఎవరైనా మనోళ్ళకు అమ్మేయ్ నాయనా, నీ డబ్బు నీకొస్తుంది." మేము అక్కడే ఉన్నాం. సిగ్గుపడి చెబుతున్నాం, ఆ నిమిషం మేము కూడా నోరెత్తలేదు. పిల్లోడే అన్నాడు, "ఆ కారులో వాళ్ళ పిల్లలు కూర్చుంటారు గదా పెద్దనాయనా" అని. కారు ఈ రోజుకీ వాళ్ళ షెడ్డులో ఉంది. కంతు నెలనెలా కడుతున్నాడు.

సంఘం పరువు గురించి మాట్లాడేవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. ఆ గదిలో పరువు కాపాడింది ఎవరు?

అందుకే వచ్చే మీటింగులో తీర్మానం మళ్ళీ పెడతాం. ఈసారి ఇంకాస్త విప్పి పెడతాం.

ఒకటి: సభ్యుల మధ్య ఏ బండి అమ్మినా, కొనేవాడు కోరిన మనిషి చేత చల్లటి ఇంజన్‌తో, లిఫ్టు మీద, స్కానర్‌తో చూపించుకోనివ్వాలి. ఒప్పుకోనివాడి బండి ప్రకటన మన గ్రూపులో పెట్టకూడదు.

రెండు: అమ్మేవాడు తనకు తెలిసిన యాక్సిడెంటు, వరద, మార్పులు, లోను, అన్నీ కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి.

మూడు: సంఘం పేరుతో, పదవి పేరుతో ఎవరూ హామీ ఇవ్వకూడదు. ఇచ్చినవాడు నష్టంలో భాగం పంచుకోవాలి. ఈ నియమం మా నుంచే మొదలుపెట్టండి. పిల్లోడి కంతులో మా వాటా మేము కట్టడం మొదలుపెట్టాం.

నాలుగు: మోసం బయటపడితే "గుట్టుగా ఉంచండి" అనే పంచాయితీలు ఆపాలి. సభ్యులందరి ముందూ మాట్లాడాలి. అవసరమైతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడానికి సంఘమే తోడుండాలి.

ఐదు: పెయింటు కొలిచే మిషను, ఒక మంచి స్కానరు సంఘం డబ్బుతో కొని ఆఫీసులో పెట్టాలి. వాటిని వాడడం మన జీన్స్ షెడ్ల పిల్లోళ్ళు, మెకానిక్ షెడ్ల పిల్లోళ్ళు నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, మీటింగులో చెప్పండి. తిట్లకైనా జవాబిస్తాం. కానీ "మనోడే గదా" అన్న మాట మాత్రం ఇక మా నోటి నుంచి రాదు. మనోడైతే ముందు నోరు తెరిచి పళ్ళు చూపించనివ్వండి.